వెయిటింగ్‌లో మొదటి పేరు

మొన్న వేసవి సెలవుల చివర్లో మా చెల్లెలి మనవరాలిని వెంటబెట్టుకుని గురుకుల పాఠశాలకి వెళ్లాను. సీట్లు వచ్చిన పిల్లల పేర్లు గోడకి అంటించారని కబురొచ్చింది. జనం మోచేతులతో పొడుచుకుంటూ చూస్తున్నారు. మా పిల్ల పేరు మొదటి కాగితంలో లేదు. పక్కనే ఇంకో కాగితం, దాని పైన 'వెయిటింగ్' అని ఉంది. అందులో కనిపించింది. ఆ పిల్ల నా కొంగు పట్టుకుని అడిగింది.

"అంటే ఏటి పెద్దవ్వా? సీటు వొచ్చినట్టా, రానట్టా?"

నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. కొండల్లో ఎన్ని ఇళ్లకో తిరిగి ఎన్ని ప్రశ్నలకో జవాబు చెప్పినదాన్ని. దీనికి మాత్రం నోరు పెగల్లేదు. 'ఎవరైనా మానేస్తే నీకొస్తుంది' అని చెప్పాలి. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఇంచుమించు దాని వయసులోనే.

మా ఊరు హుకుంపేటకి పైన, కొండ మడతలో గుప్పెడు గడప. వానాకాలం వచ్చిందంటే ఇళ్ల కప్పుల్లోంచి పొగ పైకి లేవక అక్కడక్కడే తిరుగుతూ ఉండేది. మా బట్టలకి, జుట్టుకి, ఆఖరికి తాగే చోడి అంబలికి, అదే రాగి అంబలికి, కూడా ఆ పొగ వాసనే. ఊళ్లో ఒక గది బడి ఉండేది. అది రెండో తరగతి దాకానే. పంతులు వచ్చిన రోజు బడి, రాని రోజు మేకలు అందులో పడుకునేవి. ఆ పైన చదవాలంటే కొండ దిగి, బస్సెక్కి, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి పోవాలి. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి.

మా ఈడు ఆడపిల్లలు ఊళ్లో ఇద్దరమే. నేనూ, చివరింటి పిల్లా. దాని తల్లీతండ్రీ అది పాకే వయసులోనే జ్వరాలతో పోయారు. అవ్వ పెంచింది. ఆ అవ్వ మనిషి వంగిపోయినా నోరు మాత్రం నిటారుగా ఉండేది. పనసపిక్కలు కాల్చి మా ఇద్దరికీ సమంగా పంచి, "నవలండర్రా, మాటాడకుండా నవలండి, నా సెవులకి కాసేపు నెమ్మది" అనేది. మేం నోటినిండా పిక్కలతోనే మాట్లాడుకునేవాళ్లం. చాపల మీద ఎండబెట్టిన చింతపండు దొంగిలించి ఉప్పద్దుకుని తినడం, ఆకులతో అల్లిన ఒకే గిడుగు కింద ఇద్దరం దూరి వానలో నడుస్తూ ఒకరి కాలు ఒకరు తొక్కి బురదలో పడడం, ఇంటికొచ్చి ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం. ఇదే మా లోకం. చుట్టూ ఉన్న కొండలు కూడా మా ఇద్దరివే అనుకునేవాళ్లం.

ఆ జూన్‌లో మా ఇద్దరినీ పాఠశాలలో చేర్చడానికి మా అయ్య తీసుకెళ్లాడు. అవ్వ అంత దూరం నడవలేదు కాబట్టి నా నేస్తానికి కూడా మా అయ్యే పెద్దదిక్కు. జుట్టుకి ఆముదం రాసి, గట్టిగా రెండు జడలు వేసి మా అమ్మ సాగనంపింది. పాఠశాల వరండాలో వరస చాలా పొడుగ్గా ఉంది. తడిసిన జుట్టు, ఆముదం, మూటల్లో కట్టుకొచ్చిన చద్దన్నం, అన్నీ కలిసిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. బల్ల వెనక వార్డెనమ్మ కూర్చుని ఉంది. పల్లపు ఊరు నుంచి వచ్చినావిడ. మాట గట్టిది, కళ్లు మాత్రం అలిసిపోయినట్టు ఉండేవి.

మా వంతు వచ్చేసరికి ఆవిడ పెన్ను కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మూడో తరగతిలో ఒక్క సీటే మిగిలిందయ్యా."

"ఇద్దరూ సిన్న గుంటలేనమ్మా. ఒక్క మంచం మీద పడుకుంటారు. ఓ గుంట ఎక్కువైతే మీకేటి బరువు?" అన్నాడు మా అయ్య.

"బరువు నాకు కాదు. ఈ తరగతికి ఇంతమందే అని పైనుంచి రాసిస్తారు. బియ్యం, పప్పు, దుప్పట్లు, గౌన్లు అన్నీ ఆ లెక్కనే వస్తాయి. లెక్కకి మించి ఒక పిల్లని చేర్చుకుంటే, ఆ పిల్ల కంచంలోకి మిగతా పిల్లల కంచాల్లోంచి తియ్యాలి. నేను తియ్యలేను."

మరి ఇద్దరిలో ఎవరికి? ఆవిడ అదీ చెప్పింది. తల్లీతండ్రీ లేని పిల్లలకి ముందు. తర్వాత ఊళ్లో బడి లేని పిల్లలకి. ఆ తర్వాత ముందొచ్చినవాళ్లకి. నా నేస్తం పేరు రాసింది. నా పేరు ఇంకో కాగితం మీద రాసింది. 

"నీది వెయిటింగ్‌లో మొదటి పేరు. ఎవరైనా మానేస్తే నిన్నే పిలుస్తాం" అంది నా బుగ్గ తట్టి.

నా నేస్తం నా చెయ్యి వదల్లేదు. ఆయా వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి లోపలికి తీసుకెళ్లింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. బస్సులో మా అయ్య నాకు బెల్లం ముక్క ఇస్తే అది నోట్లో అలాగే పెట్టుకుని కూర్చున్నాను, చప్పరించడం కూడా మర్చిపోయి.

ఊళ్లోకి వచ్చాక మా అయ్య కనిపించినవాళ్లందరికీ, "మా గుంటది మొదటి పేరు!" అని చెప్పాడు. సగం మంది నాకు చదువులో మొదటి స్థానం వచ్చిందనుకున్నారు. అవ్వ మాత్రం గడప మీద కూర్చుని అడగనే అడిగింది.

"మొదటి పేరయితే మరి ఇంటికెందుకొచ్చీసింది?"

మా అయ్య నన్ను ఇంటివైపు నడిపించాడు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నా జడలు విప్పుతూ అంది.

"నాను బతికున్నానని నీకు సీటు రానేదే, తల్లీ."

నవ్వుతూనే అంది. కానీ విప్పిన జుట్టులో ఆమె చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ వానాకాలం నాకు చాలా పొడుగైంది. అమ్మ పోడులో కలుపు తియ్యడానికి పోతే నేను మేకల్ని తోలుకుని గట్టు మీదికి పోయేదాన్ని. అక్కడినుంచి కింద తారురోడ్డు మలుపు ఒకటి కనిపించేది, మంచు లేనప్పుడు. పాఠశాల నుంచి కబురొస్తే ఆ దారినే రావాలి. జీపు హారన్ వినబడితే చాలు, లేచి మలుపు వైపు చూసేదాన్ని. అది కలప లారీయో, సంతకి పోయే జీపో అయ్యేది. విసుగుపుట్టి మేకలకి హాజరు పిలిచేదాన్ని. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి, "ప్రెజెంటు" అని వాటి బదులు నేనే అనేదాన్ని. చెవి తెగిన మేకని మాత్రం వెయిటింగ్‌లో పెట్టాను. దాన్ని దూరంగా నిలబెట్టి, తక్కినవాటికే ఆకులు వేసేదాన్ని. అది వచ్చి నా పావడా నమిలేది.

ఎవరో ఒకరు మానెయ్యాలి. అప్పుడు నాకు చోటు దొరుకుతుంది. ఆ ఎవరో నాకు మొహం తెలియని పిల్ల. కాబట్టి అలా అనుకోవడం తేలికగానే ఉండేది. ఏదో దూరపు ఊరి పిల్ల, అది ఇంటి మీద బెంగ పెట్టుకుంటుంది, వాళ్ల నాన్న వచ్చి ఎత్తుకుని తీసుకుపోతాడు, అందరూ సంతోషంగా ఉంటారు. నేను వెళ్లి నా నేస్తం పక్కన పడుకుంటాను. గట్టు మీద వానలో కూర్చుని ఎన్నిసార్లు ఆ కథ అల్లుకున్నానో.

సాయంత్రాలు చివరింటికి పోయేదాన్ని. అవ్వ పిక్కలు కాల్చి అలవాటు కొద్దీ రెండు వాటాలు వేసేది. వేసి, రెండో వాటా వైపు చూసి, నా వైపు తోసేది. "మాటాడవేటే? నోరు పడిపోయిందా?" అనేది. మాట్లాడడానికి ఏముంది? ఇద్దరం పొయ్యి చూస్తూ కూర్చునేవాళ్లం.

కొర్రకొత్త పండగకి పాఠశాల పిల్లల్ని ఇళ్లకి పంపారు. కొత్త కొర్రలు దేవతకి పెట్టకుండా ఎవరం ముట్టం. ఆ పండగ రోజున ఊరంతా ఉడుకుతున్న కొర్రన్నం వాసన, కోడికూర వాసన. నా నేస్తం బూడిదరంగు గౌను వేసుకుని కొండెక్కి వచ్చింది. జుట్టు చెవుల దాకా కత్తిరించేశారు. కొబ్బరినూనె, సబ్బు వాసన. పొగ వాసన పోయింది. కాసేపు ఇద్దరికీ సిగ్గేసింది. తర్వాత చింతపండు దొంగతనంతో అంతా మామూలైపోయింది.

"అక్కడ గంట కొడితే తినాలి, గంట కొడితే పడుకోవాలి" అని చెప్పింది. "అన్నం తెల్లగా ఉంటాది గానీ రుసుండదు. నువ్వొస్తే బాగుంటాది."

సెలవులు అయిపోయే ముందు రోజు అవ్వ నీళ్ల దగ్గర పాచిరాయి మీద జారిపడింది. నడుం దగ్గర ఎముక విరిగింది. మగవాళ్లు కావడిలో మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నాటువైద్యుడు ఆకుకట్టు కట్టి, లేవకూడదన్నాడు. లేచే వయసూ కాదు. నా నేస్తం గౌను విప్పేసి, పాత పావడా కట్టుకుని, అంబలి కుండ పొయ్యి మీద పెట్టింది.

"నువ్వెల్లే. నాను సూసుకుంటాను ముసిల్దాన్ని" అంది మా అమ్మ.

"నువ్వు పోడుకి పోతే దాహానికి నీళ్లెవులిస్తారు పిన్నీ?" అంది అది.

మంచం మీంచి అవ్వ కూడా తిట్టింది. "ఎల్లవే, సీటు పోద్ది! నాకోసం ఉండిపోతే నీకేటి మిగుల్తాది?" అది వినిపించుకోలేదు. అవ్వ తల ఎత్తి పట్టుకుని అంబలి తాగించింది.

సంతలో ఉప్పు, నూనె అమ్మే షావుకారు ద్వారానే మా కొండలకి కబుర్లన్నీ వచ్చేవి. వార్డెనమ్మ ఆయనతో చెప్పి పంపింది. సెలవుకి వెళ్లిన పిల్ల వచ్చే సంత నాటికి రాకపోతే పేరు తీసేస్తారు. వెయిటింగ్‌లో మొదటి పేరున్న పిల్లని పంపించాలి.

మా అయ్య ఆ కబురు మోసుకొచ్చి, ఇంట్లోకి రాకుండా వీధిలోనే నిలబడిపోయాడు. నేను ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఈ కబురు కోసమే. కానీ మొహం తెలియని దూరపు ఊరి పిల్ల కాదు మానేసింది.

"మనకొద్దు ఆ సీటు" అంది అమ్మ.

నా నేస్తం ఆ సాయంత్రం తన రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. పెట్టెలో కంచం, గ్లాసు, మడిచిన గౌను.

"నువ్వెల్లు" అంది.

"నువ్వు నేకుండా నానెల్లి ఏటి సేత్తాను?"

"నువ్వెల్లకపోతే మరో ఊరి గుంటకి ఇచ్చీస్తారు. మనూరి సీటు మనూర్లోనే ఉండనీ. అవ్వకి నయమైతే నాను మల్లా వొచ్చీస్తాను కదా."

దానికి ఆ వయసులోనే అంత తెలిసిపోయింది. నాకు తెలియలేదు. నమ్మి వెళ్లాను.

పాఠశాలలో అది పడుకున్న చోటే నాకు ఇచ్చారు. కంచం మీద దాని నంబరే. వంటావిడ కొన్నాళ్ల పాటు నన్ను దాని పేరుతోనే పిలిచింది. నేను సరిదిద్దలేదు. రోజుకొకసారైనా ఆ పేరు వినబడుతుంది కదా అని. గది నిండా పిల్లలు. అంతమంది మధ్య ఒక్కదాన్ని. జట్లన్నీ జూన్‌లోనే కట్టేసుకున్నారు. మధ్యలో వచ్చినదాన్ని ఎక్కడ కలుపుకోవాలో వాళ్లకీ తెలియలేదు. కిటికీలోంచి చూస్తే వలిసె పూలు పూసి కొండవాలంతా పచ్చగా, పసుపుగా ఉండేది. గట్టు మీద మేకల్ని ఇప్పుడెవరు తోలుతున్నారో అనుకునేదాన్ని. నా నేస్తం ఇచ్చిన గౌనుకున్న పొగ వాసన ఉతికిన కొద్దీ తగ్గిపోతూ, ఒకరోజు మొత్తానికే పోయింది. ఆ రోజు మాత్రం బట్టలు ఆరేసే తీగ వెనక నిలబడి ఏడ్చాను.

చలి ముదిరాక, ఒక మధ్యాహ్నం క్లాసులోంచి పిలిచారు. వరండాలో మా అయ్య, పక్కన నా నేస్తం. దాని చేతిలో చిన్న బట్టల మూట. మొహం చూడగానే తెలిసిపోయింది. అవ్వ పోయింది.

"దీన్ని మల్లా సేర్సుకోండమ్మా. దీనికి నాయం సేసినట్టుంటాది" అంటున్నాడు అయ్య.

వార్డెనమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. తర్వాత చెప్పింది, సీట్లన్నీ నిండి ఉన్నాయని, ఇప్పుడు రాస్తే వెయిటింగ్‌లో ఆఖరి పేరు అవుతుందని.

"తల్లీతండ్రీ నేరు కదమ్మా దీనికి. ముందు దీనికే అన్నారు కదా."

"ఆ లెక్క జూన్‌లో చేర్చుకునేటప్పుడు. మధ్యలో ఖాళీ వస్తే జాబితాలో ఎవరు ముందుంటే వాళ్లే."

మా అయ్య నా వైపు చూడకుండానే అన్నాడు.

"అలగైతే మా గుంటని తీసుకుపోతానమ్మా. దాని సీటు దీనికిచ్చీండి."

వద్దు అనాలనిపించింది. సరే అనాలనీ అనిపించింది. కానీ వార్డెనమ్మ తల అడ్డంగా ఊపింది.

"మీ అమ్మాయి మానేస్తే ఆ చోటు జాబితాలో ముందున్న పిల్లకి పోతుంది నాయనా. ఈ పిల్లకి రాదు. అప్పుడు ఇద్దరూ ఇంటి దగ్గరే ఉంటారు."

అయ్యకి అది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆఖరి బస్సు వెళ్లిపోయింది కాబట్టి ఆయన షావుకారు అరుగు మీద పడుకోవడానికి పోయాడు. నా నేస్తాన్ని ఆ పూటకి మాతో ఉండనిచ్చింది వార్డెనమ్మ. తన వాటా అన్నం దాని కంచంలో పెట్టించింది. ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకున్నాం. నా నేస్తం ఒంటి నుంచి పొగ వాసన వస్తోంది. దాని మెడలో మొహం పెట్టి పడుకున్నాను. అవ్వ గురించి ఒక్క మాటే చెప్పింది, ఆఖరి దాకా నన్ను కూడా తలుచుకుందని.

పొద్దున్నే ప్రార్థనకి గంట కొట్టారు. మంచు దట్టంగా ఉంది. వరసలో నా వెనకే నిలబడింది అది. పాత పావడాలోనే. ఆ రోజు పైనుంచి తనిఖీకి ఎవరో వచ్చారు. వార్డెనమ్మ తలలు లెక్కబెట్టింది. ఒకటి ఎక్కువొచ్చింది. ఆవిడకి తెలుసు ఎందుకు ఎక్కువొచ్చిందో. అయినా మళ్లీ మొదటినుంచి లెక్కబెట్టడం మొదలుపెట్టింది, ఈసారి చాలా నెమ్మదిగా, మా వరస దగ్గరికి రావడం ఇష్టం లేనట్టు. ఆవిడ మా దాకా రాకముందే నా వెనక చిన్న చప్పుడైంది. నా నేస్తం ఎవరూ చెప్పకుండానే వరసలోంచి బయటికి నడిచి, వరండా స్తంభం పక్కన, తన మూట పట్టుకుని నిలబడింది.

లెక్క సరిపోయింది.

మా అయ్య వచ్చి దాన్ని తీసుకెళ్లాడు. మా ఇంట్లోనే ఉంచుకున్నారు. మా అమ్మ జడలు వేసిందట, కత్తిరించిన జుట్టు పెరిగేకొద్దీ. కానీ వేసవి రాకముందే ఒడిశా వైపునుంచి దాని మేనమామ వచ్చాడు. రక్తసంబంధం తనదని, తానే పెంచుకుంటానని చెప్పి తీసుకుపోయాడు. జూన్‌లో సీటు ఉందని, తప్పకుండా పంపమని మా అయ్య గట్టు దాకా వెంట నడుస్తూ చెప్పాడట. మేనమామ పంపుతానన్నాడట.

ఆ తర్వాత దాన్ని నేను చూడలేదు. నర్సునయ్యాక సరిహద్దు ఊళ్లకి వైద్యశిబిరాలకి వెళ్లినప్పుడల్లా అడిగేదాన్ని. ఫలానా ఊరికి ఇచ్చారని ఒకరు, ఇటుకల బట్టీలకి పోయారని ఒకరు. ఎక్కడికి వెళ్లినా అంతకుముందే అక్కడినుంచి కదిలిపోయేది. ముసలితనంలో అది ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నిస్తాను. దాని అవ్వలాగే వంగి, నోరు మాత్రం నిటారుగా ఉంటుందనుకుంటాను. నాకంతకంటే తెలియదు.

తెలిసిందల్లా ఆ తర్వాతి జూన్ గురించే. కొత్త పిల్లలతో వరండా నిండిపోయిన రోజు, వార్డెనమ్మ మా తరగతిలో ఒక సీటు రాయకుండా ఉంచింది. బల్ల ముందు ఎందరు బతిమాలినా, "అది ఇచ్చేశాను" అంది. మధ్యాహ్నం దాటాక నన్ను పిలిచి, "వస్తుందంటావా?" అని అడిగింది. వస్తుందన్నాను. ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. ఒక్కో బస్సు ఆగినప్పుడల్లా ఆవిడ నా కంటే ముందు మెడ చాచి చూసేది. ఆఖరి బస్సు కూడా వచ్చి, జనాన్ని దింపి, ఘాట్ రోడ్డు వైపు వెళ్లిపోయింది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. వెనక్కి తిరిగి, వరండా చివర తండ్రితో కూర్చుని ఉన్న ఒక చిన్న పిల్లని రమ్మని చెయ్యి ఊపింది.

ఆ పిల్లకి నా పక్క చోటే వచ్చింది. దాని జుట్టు ఆముదంతో జిడ్డుగా ఉంది. ఒంటి మీద పొగ వాసన. మూట కింద పెట్టకుండా చంకలోనే పెట్టుకుని, భయంగా నేలకేసి చూస్తూ అడిగింది.

"అక్కా, ఈ సోటు ఎవులిది?"

"నీదే" అని చెప్పి, దాని మూట అందుకున్నాను.